చూసొచ్చానని అమ్మకు చెప్పిన రాకెట్టు

నా చిన్నప్పుడు గుంటూరులో మేమున్న పేట చివర, పాత రాతిబొమ్మలు దాచిన మ్యూజియం ఒకటి ఉండేది. చంద్రుడి మీదికి మనుషులు బయలుదేరిన సాయంత్రం అక్కడికి అందరినీ రమ్మన్నారు. రాకెట్టు లేచిందని రేడియోలో వినపడగానే, గోడకు కట్టిన అట్ట రాకెట్టును దారంతో పైకి లాగి చూపిస్తారట.

అమ్మ అప్పటికి నాలుగు నెలలుగా మంచంలో ఉంది. నాన్న దూదేకేవాడు. ఆయన పక్కన కూర్చుని పత్తి విడదీసీ విడదీసీ అమ్మ రొమ్ము నిండా నుసి చేరిందన్నారు. ఇక మందు లేదని డాక్టరుగారు నాన్నతో అనడం నేను విన్నాను. నేను బడి ముఖం చూడలేదు, నాలుగు అక్షరాలూ అమ్మ నేర్పినవే. ఆ రోజు ఆమె ఒక్కటే అడిగింది.

"నువ్వెళ్ళి చూసిరావే. వచ్చి నాకు చెప్పు."

పక్కింటి అక్కా నేనూ పొద్దుటినుంచీ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాం. ఆ పని అయ్యాక చేతులకు నూనె రాసుకుని కడుక్కోవాలి, లేకపోతే కారం వదలదు. ఆలస్యమవుతుందని నేను ఉత్త నీళ్ళతో కడుక్కుని అక్క వెంట పరుగెత్తాను. మ్యూజియంలో ఇసుకవేస్తే రాలని జనం, ఉక్క. రేడియోలో అంకెలు తగ్గుతూ వస్తుండగా చెమట కంట్లోకి దిగితే చేత్తో తుడుచుకున్నాను. అంతే. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కళ్ళు తెరవలేక ఏడుస్తున్నాను.

చూశాననే చెప్పవే, పాపం మీ అమ్మకు ఇంకేముందని దారిలో అక్క అంది. అలాగే చెప్పాను. నిప్పు కక్కిందన్నాను, పొగ కమ్మిందన్నాను, అట్ట రాకెట్టు కప్పును తాకిందన్నాను. అమ్మ నా ముఖమే చూస్తూ విన్నది. మధ్యలో దగ్గు తెర వస్తే చెయ్యెత్తి ఆపి, తగ్గాక మళ్ళీ చెప్పమంది. అంతా విని, తనకోసం గిన్నెలో ఉంచిన పాలలో కొంగు ముంచి నా రెప్పల మీద అద్దింది.

"మంట తగ్గిందా?"

ఇంకేమీ అడగలేదు.

నిజం రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఆ వెళ్ళినవాళ్ళు నేలకు తిరిగి రాకముందే అమ్మ పోయింది.

ఇప్పటికీ నమాజు తర్వాత, అలాంటి తల్లినిచ్చినందుకు ముందు అల్లాకు షుకర్ చెప్పుకుంటాను. ఎవరైనా నాతో అబద్ధమాడుతున్నారని తెలిసినా నిలదీయను, వాళ్ళకు ఎక్కడ మండుతోందోనని చూస్తాను. కానీ అమ్మ ఆఖరుసారి అడిగినది నేను తేలేకపోయాను. ఏ దువా చేసినా ఆ లోటు పూడలేదు.