రెండు బటన్ల మెషీన్

నా మేనకోడలి కుడిచేతి రెండు వేళ్లు కంపెనీ మెషీన్ కింద నలిగి పోయాయి. ఇంట్లో తలుపు సందున పడి పోయాయని కంపెనీవాళ్లు రాసుకున్నారు. రాసుకుని, డిగ్రీ చదివిన పిల్లచేత కింద ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. సంతకం పెట్టే చెయ్యి కట్లలో ఉంది కదా మరి!

పోయినేటి సంగతి. మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే మళ్లీ ఒళ్లు మండింది. నేను బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. మిగతా చదువంతా ఆ ఫుట్‌పాత్ పెట్టిన భిక్షే. కార్మిక చట్టాల పుస్తకం, అట్ట ఊడినది, ఎప్పుడో అక్కడే దొరికింది. పక్కన నిలబడ్డ మేనకోడలు లావుపాటి నిఘంటువు ఒకటి తీయబోయింది. అలవాటుగా కుడిచెయ్యే చాచింది. పుస్తకం జారి కింద పడింది. "ఏం గాలే మామా," అని ఎడమచేత్తో తీసి దుమ్ము దులిపింది. దుకాణమతను ధర చెప్పడం కూడా మరిచిపోయాడు.

ఆమె పనిచేసింది డబ్బాల మూతలు కొట్టే ప్రెస్సు మీద. దానికి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పైనుంచి అచ్చు దిగుతుంది. అప్పుడు చెయ్యి కింద ఉండే వీలే లేదు. ఎవడు ఆలోచించి పెట్టాడో, పుణ్యాత్ముడు. కానీ మూతలు తొందరగా పడాలి కనుక ఒక బటన్‌ను సైకిల్ ట్యూబు ముక్కతో అదిమి కట్టేస్తారు. ఇక ఒక చెయ్యి రేకు పెడుతుంది, ఇంకో చెయ్యి నొక్కుతుంది. ఇది నాకెవరూ చెప్పనక్కర్లేదు. నాంపల్లి బైండింగ్ షాపులో కాగితం కోసే మెషీన్ మీద ముప్పై ఏళ్లు నేను చేసిందీ ఇలాంటి పనే. నా వేళ్లు పదీ మిగిలాయంటే అది నా తెలివి కాదు.

పోయినేడే, నేను పెట్టిన అర్జీ మీద కార్మిక శాఖ ఆఫీసులో విచారణకు తేదీ పడింది. చూసినవాడు ఒక్కడైనా నోరు విప్పకపోతే ఆ వేలిముద్రే నిలుస్తుంది. వైద్యం, పరిహారం, మళ్లీ పని అడిగే హక్కు అన్నీ దానితోనే పోతాయి. చూసినవాడు ఫోర్‌మన్. మా గల్లీవాడే, పిల్లను పనిలో పెట్టించిందీ అతనే. నాంపల్లి స్టేషన్ ఎదుట చాయ్ హోటల్లో పట్టుకున్నాను.

"నన్నెందుకు అడుగుతవ్ కాకా? అన్ని మెషీన్లకు గట్లనే ఉంటది. నా నౌకరి పోతది, జర సమజ్ చేస్కో."

"దాని వేళ్లు పోయినయ్ గద! నేను గూడ కట్టినోన్నేరా. కట్టినవని తిడ్తలేను. ఎవలు కట్టిన్రో చెప్పు, గంతే."

చాయ్ మీద మీగడ కట్టింది. ముట్టకుండానే లేచిపోయాడు.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు నడిచి వెళ్లి రిజిస్టరు ఉత్తరం వేశాను, నాలుగిళ్ల అవతలుండే ఆ ఫోర్‌మన్‌కే. కౌంటరు దగ్గరి అమ్మాయి రెండు అడ్రసులూ చూసి నవ్వింది. "తాతా, గీ పక్కిల్లే గద, చేతికిస్తే అయిపోదా?"

"చేతికిస్తే అందలేదంటడు బిడ్డా."

అందింది, జవాబు లేదు. రెండోదానికీ లేదు. మూడోదాంట్లో చట్టం సెక్షన్లన్నీ తీసేసి ఒక్క ప్రశ్నే రాశాను: ట్యూబు ఎవరు కట్టారు?

విచారణ రేపనగా మేనకోడలు నోటుబుక్కు నిండా ఎడమచేత్తో సంతకం దిద్దుకుంటూ కూర్చుంది. మళ్లీ వేలిముద్ర వేయనంటుంది. అక్షరాలు పక్కకు ఒరిగిపోతున్నాయి, పెన్సిలు ముల్లు రెండుసార్లు విరిగింది. నేను గడియారం చూడ్డం మానుకుని తలుపు చూస్తున్నాను. పొద్దు వాలుతుండగా కింది సందులోంచి ఒక కాగితం లోపలికి జారింది. నా మూడో ఉత్తరమే. తలుపు తీసేసరికి గల్లీలో ఎవరూ లేరు. ముప్పై ఏళ్లలో నేను ఒక్కసారీ కాగితం మీద పెట్టలేకపోయిన మాట, ఆ మనిషి మూడు వారాల్లో నా ఉత్తరం వెనకవైపు రాసి పంపాడు:

"కాకా, ట్యూబు కట్టింది నేనే. పిల్ల మెషీన్ కాడనే పడిపోయింది. వేళ్లు నా జేబు దస్తీల మూటగట్టి దవాఖానకు తెచ్చింది గూడ నేనే. రేపు ఆఫీసుకు వస్తున్న. నా పేరు రాస్కో."