రసాల చెట్టు మీద మోగిన ఫోను

మొన్న మా కోడలు గోడకు ఓ తెల్లపెట్టె బిగింపించి, నా ఫోనులో వైఫై కాలింగ్ అనేదేదో నొక్కి ఇచ్చింది. అంతే, ఆగిరిపల్లి పక్కన తోట మధ్యనున్న మా ఇంట్లో, మూరెడు మందం గోడల వెనక ఇన్నేళ్లూ నోరు విప్పని ఫోను పొయ్యి పక్కనే మోగింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా ఈడువాళ్లకు చెబితే నవ్వరు. ఒకప్పుడు ఆ మోత కోసం నేను చెట్టెక్కినదాన్ని.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. డాబా మీద, బోరు షెడ్డు మీద, నీళ్లతొట్టి గట్టు మీద సిగ్నల్ కోసం వెతికి వెతికి మావారు విసిగిపోయారు. చివరికి మా తోటలో ఏళ్లతరబడి కాయ దించే పెద్దాయన, చిన్నరసాల చెట్టు పైకొమ్మల్లో మూడు గీతలు వస్తున్నాయని కనిపెట్టాడు. అప్పటినుంచి కోతరోజుల్లో ఫోను కూడా చెట్టెక్కేది. గడకర్రకు కట్టిన వలసంచి, అదే మా చిక్కం, అందులో నాలుగు మామిడాకులు పరిచి ఫోను పెట్టి పైకందించేవాళ్లం. నేల తగిలిన కాయ దెబ్బకాయ కిందే లెక్క కదా, ఫోనుకూ అదే మర్యాద.

ఆ వేసవిలోనే మావారికి గుండె ఆపరేషన్ వచ్చిపడింది. మరిది బెజవాడ తీసుకెళ్లాడు. నేనూ వస్తానంటే మావారు ఒప్పుకోలేదు. కాయ పక్వానికొచ్చింది, ఒక్క గాలి వీస్తే ఏడాది కష్టం నేలపాలు, నువ్వుండి దింపించు అన్నారు. ఉన్నాను గానీ, ముందురోజు ఆపరేషనైన మనిషి సంగతి తెల్లారినా తెలియక నా ప్రాణం నాలో లేదు.

పొద్దెక్కాక చెట్టు మీద ఫోను మోగింది. పెద్దాయన చెవికి పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ ఊఁ కొడతాడే తప్ప కిందికి ఒక్క ముక్క చెప్పడు. ఆడకూలీలంతా చేతిలో పని ఆపి పైకి చూస్తున్నారు. ఆకుల సందులోంచి ఆయన కండువాతో కళ్లు తుడుచుకోవడం కనబడింది.

“అయ్యగారు కళ్లు తెరిచారంటమ్మా! మాట్టాడతన్నారండీ!” అని అరిచాడు. తోటంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఆ సంబరంలో ఫోను చిక్కంలో పెట్టి దించేశాడు. నా చేతికొచ్చేసరికి మాట తెగిపోయింది. ఏళ్లుగా కాయ దించడమే తెలిసిన చేతులు మరి, ఫోను దించకూడదని ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది? మళ్లీ పైకి పంపాం, మళ్లీ మోగింది. ఈసారి “మీరే వచ్చేయండమ్మా” అన్నాడు.

పెద్దింటి కోడలు కూలీల ముందు చెట్టెక్కడం మా అత్తగారు చూసి ఉంటే ఏమనేవారో! కుచ్చెళ్లు దోపుకున్నాను. ఆడవాళ్లు నిచ్చెన పట్టుకున్నారు, దాని పైన ఇంకో రెండు కొమ్మలు పాకాను. ఎర్రచీమలు కుడుతున్నా తెలియలేదు. బెజవాడ ఆసుపత్రి మంచం మీది మనిషి ఊపిరి నా చెవిలో వినబడుతోంది. నీరసంగా, “చిన్నరసాలు దించారా?” అన్నారు. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. తీగ లేదు, స్తంభం లేదు. అంత దూరాన్నుంచి ఆ గొంతు ఏ దారిన నన్ను వెతుక్కుంటూ ఆ కొమ్మకు వచ్చిందో, ఈనాటికీ నాకు వింతే.

ఇప్పుడు ప్రతి గదిలోనూ నిండా గీతలే. తోటలో పనివాళ్లందరి దగ్గరా ఫోన్లే. ఎవరి మంచీచెడూ వాళ్ల చెవిలోనే పడి అక్కడే ఆగిపోతోంది. పక్కమనిషి పని ఆపి తలెత్తి చూడాల్సిన అవసరమే లేదు. మావారు దేవుడి దయవల్ల డెబ్బై దాటి, హాల్లో పడక్కుర్చీలో కులాసాగా ఉన్నారు. ఈ తెల్లపెట్టె వచ్చినప్పటినుంచి కాఫీ కావాలన్నా లేచి రారు, అక్కణ్నుంచే వంటింట్లోకి ఫోను చేస్తారు. ఈ గొంతు కోసమే కదా ఆనాడు కొమ్మలు పాకాను అనుకుంటూనే, ఒక్కోసారి కావాలనే ఎత్తను. మోగి మోగి అదే ఊరుకుంటుంది. కాసేపటికి, ఆయన లేచి వంటింటి వైపు నడిచొస్తున్న చప్పుడు వినబడుతుంది.