మగ్గం గుంతలో దయ్యాల ఆసుపత్రి

దయ్యాలు లేవని చెప్పడం నాకు జీతమిచ్చే పని కాదు. జీతం బడిలో సైన్సు చెప్పినందుకు వచ్చేది. కానీ ఆదోని చుట్టుపక్కల నన్ను ఎరిగినవాళ్ళు దయ్యాల్లేవని చెప్పే మనిషిగానే ఎరుగుదురు. పెద్దకడుబూరు, ఆస్పరి వైపు పల్లెల్లో ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి నాలుక మీద కర్పూరం వెలిగించేవాణ్ణి, నిమ్మకాయ కోసి రక్తం కార్చేవాణ్ణి. జనం చేతులు జోడించబోయేలోపు అందులోని కిటుకు విప్పి చూపేవాణ్ణి. ఇప్పటికీ చేస్తాను, పత్రికలకు రాస్తాను కూడా. ఎదుటివాడు ఒక మాటంటే నాలుగు అనాలని నేర్పిన చర్చావేదికల్లో పెరిగిన నోరు నాది.

అలాంటి నేను నెలకొక రోజు ఎమ్మిగనూరు పోయి, దయ్యాల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి వస్తున్నాను.

ఆ ఆసుపత్రి డాక్టరు మా చెల్లెలి కూతురు. నాలుగో తరగతి చదువుతోంది. చెల్లెలు, ఆమె భర్త ఇద్దరూ నేతపని చేస్తారు. ఇంట్లో ఉన్నది గుంత మగ్గం. నేసేవాళ్ళు నేలమీద కూర్చుని కాళ్ళు గుంతలోకి వదిలి తొక్కుతారు. వాళ్ళ వాడలో అమావాస్య నాడు మగ్గం ఆడదు. చంద్రుడు కనిపించకపోతే నూలుకొచ్చిన నష్టమేమిటని నేనొకసారి వ్యాసం రాశాను. చెల్లెలు చదివి, "నెలకొక దినం నడుం వాలుస్తాం. అదీ నీ కండ్లబడిందాన్నా?" అంది. ఆ వ్యాసాన్ని నేను వెనక్కి తీసుకోలేదు. మళ్ళీ దాని ఊసెత్తనూ లేదు.

మగ్గం ఆడని ఆ ఒక్క రోజూ గుంత పాపది. పాప గుంతలో నిలబడితే నడుం పైభాగం మాత్రమే పైకి కనిపిస్తుంది. నేలే ఆమెకు బల్ల. దారం కొసకు నూలు చుట్టే ఖాళీ కండె కట్టి మెడలో వేసుకుంటే అది గుండె చూసే గొట్టం. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె జ్వరం చూసే పుల్ల. పాప చెప్పే ఊళ్ళో మనుషులు, దయ్యాలు, రాక్షసులు ఒకే వీధిలో ఉంటారు. ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు, బిందె వరసల కోసం పోట్లాడుకుంటారు. ఆ ఊరికంతా డాక్టరు ఆమే, సైంటిస్టూ ఆమే. కొరివిదయ్యానికి నోట్లో పుండ్లెందుకు లేస్తున్నాయో కనిపెట్టడానికి దాని ఎంగిలిని చిప్పలో మరగబెడుతుంది. రాక్షసుడి పంటినొప్పికి లవంగం చాలదని, లవంగాల మూటే కావాలని లెక్క తేల్చింది.

ఇదంతా నాకు మొదట తెలియదు. నేను ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆట ఆగిపోయేది. పాప కండె గొట్టాన్ని లంగా కింద దాచుకుని నా వైపు చూసేది. మామకు దయ్యాలు గిట్టవని ఇంట్లో అందరికీ తెలుసు.

పాపకు ఫిట్స్ వస్తాయి. మొదటిసారి బడిలో పడిపోయింది. తర్వాత ఇంట్లో, వీధిలో, ఒకసారి పెళ్ళి పందిట్లో. పడిన ప్రతిసారీ వాళ్ళ అవ్వ, అంటే మా చెల్లెలి అత్తగారు, బొడ్లోంచి ఇనుప తాళంచెవుల గుత్తి తీసి పాప గుప్పిట్లో కుక్కేది. ఫిట్ దానంతట అది ఆగిపోయేది. ఆపింది తాళంచెవులేనని అవ్వ నమ్మకం. పట్టుకోకపోయినా ఆగేదేనని నేను. మా ఇద్దరి మధ్య ఈ వాదన ఎన్నిసార్లు జరిగిందో. చివరికి ఆదోనిలో డాక్టరుకు నేనే చూపించాను. ఆయన ఓపిక గల మనిషి. ప్రతి సంగతీ అడిగాడు, అన్నింటికీ నేనే జవాబు చెప్పాను. పడబోయేముందు ఏమైనా తెలుస్తుందా అని కూడా అడిగాడు. "ఏమీ తెలియదండీ, ఉన్నట్టుండి పడిపోతుంది" అన్నాను. పాప నా పక్కనే కూర్చుని కాళ్ళూపుతూ ఉంది.

మాత్రలు మొదలయ్యాయి. ఫిట్స్ మాత్రం వస్తూనే ఉన్నాయి.

పోయిన ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో చెల్లెలు ఫోన్ చేసింది. "అవ్వ వింటలేదన్నా. అమాస నాడు పాపను పిల్సుకపోతానంటాంది." ఎక్కడికో నాకు తెలుసు. గాలి వదిలిస్తానని వేపమండలతో బాదే మనిషి ఒకడు వాళ్ళ ఊరికి కొంత దూరంలో ఉన్నాడు. వాడి దగ్గరికి పోయివచ్చిన ఒక పిల్ల వీపు నేను చూశాను. అమావాస్య పొద్దున్నే బస్సెక్కాను.

అవ్వ అరుగు మీద కూర్చుని చిక్కుపడిన నూలు విడదీస్తోంది. నేను చెప్పులు విడవకముందే మొదలుపెట్టాను. మెదడంటే ఏమిటో చెప్పాను, అందులో కరెంటు ఎలా పారుతుందో చెప్పాను, వేపమండ దెబ్బ మెదడుకు ఎందుకు అందదో చెప్పాను. అవ్వ తల ఎత్తకుండా అంతా విన్నది.

"అయిపోయిందాప్పా?" అంది.

"అయిపోయింది."

"నీ మాత్రలు తింటానే ఉండాది. పడతానే ఉండాది. పడినప్పుడల్లా నువ్వు ఆదోనిలో ఉంటావు, నేనీడ ఉంటాను. దాని తల నేలకు కొట్టుకునే సప్పుడు ఇనేది నేను. నీ సయిన్సు ఏం సూపించిందో సెప్పు, ఇంటాను."

ఎన్నో సభల్లో రుజువు చూపమని ఎదుటివాళ్ళను నిలదీసినవాణ్ణి. ఇప్పుడు అవ్వ అడిగింది రుజువే. ఆ పూట నా దగ్గర లేదు. సాయంత్రం ఎండ తగ్గగానే బయల్దేరతామని చెప్పి ఆమె మళ్ళీ చిక్కు విడదీయడంలో పడింది.

లోపలికి పోయాను. మగ్గం గదిలో పాప గుంతలో నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. ఈసారి ఆట ఆపలేదు. సాయంత్రం ఎక్కడికి పోవాలో ఆమెకు తెలుసు కాబట్టి, నాకు భయపడే ఓపిక కూడా లేకపోయిందేమో.

"ఏం జేస్తాండావు?" అన్నాను, వాళ్ళ భాషలోనే.

"పేషెంటును సూస్తాండా. ఉండేట్లుంటే కాంపౌండరుగా ఉండు. ల్యాకుంటే పో."

"ఉంటాను."

"అయితే కూడా వచ్చినోళ్ళను బయట కూసోబెట్టు. మా ఆసుపత్రిలో పేషెంటే మాట్లాడల్ల. పక్కనోళ్ళు మాట్లాడగూడదు. కాంపౌండరూ మాట్లాడగూడదు."

వాకిలి వైపు తిరిగి, అక్కడ లేనివాళ్ళను బయట కూర్చోమన్నాను. ఆ పని చేయడం నాకెంత కష్టమైందో నా సభలకు వచ్చినవాళ్ళకు అర్థమవుతుంది. గోడవారగా చతికిలబడ్డాను. ఎదురుగా ఖాళీ నేల. పాప ఆ ఖాళీ నేలకు కండె ఆనించి చాలాసేపు విన్నది.

"ఇది పడిపోయే దయ్యం" అని నాకు చెప్పింది. "అందరూ ఇది మనుషులను పడేస్తాదంటారు. ల్యా. అదే పడిపోతాది, పాపం. పడిపోయేటప్పుడు భయమేసి పక్కనున్నోళ్ళను పట్టుకుంటాది. అంతే."

తర్వాత దయ్యం వైపు తిరిగింది. "పడేముందు నీకు ఏమవుతాదో మల్లా సెప్పు." కాసేపు ఆగి, తలాడించి, నాకు వినిపించేలా అన్నది: "ముందు గంజి వాసన వస్తాదంట. మాడిన గంజి. ఆ పైన ఎడమచెయ్యి బొటనవేలు కాడ సీమలు పారతాయంట. సీమలు మోచెయ్యి కాడికి వస్తాయి. నోరు ఈ పక్కకు లాగుతాది. అంతే, ఇంక దానికేం తెలీదు."

కాంపౌండరు మాట్లాడకూడదన్నది మరిచిపోయాను. "మీ ఇంట్లో ఎప్పుడూ గంజి వాసన ఉంటుంది గదమ్మా" అన్నాను. నూలుకు పెట్టే గంజి ఆ వాడలో ఏ ఇంట్లోనైనా ఉడుకుతూనే ఉంటుంది.

పాప నన్ను జాలిగా చూసింది. "బడిలో గంజి యాడుంటాది మామా? పెండ్లిలో యాడుంటాది?"

నేను లేచి గుంత అంచున కూర్చున్నాను. మా ఇద్దరి ముఖాలు సమానంగా వచ్చాయి. ఇది డాక్టరుకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆయప్ప నన్ను అడగలే. నిన్ను అడిగినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు దయ్యాల్లేవంటివి గదా." ఇందులో ఫిర్యాదేమీ లేదు. వాన రాలేదు కాబట్టి గొడుగు తీయలేదన్నంత మామూలుగా చెప్పింది. అంతలోనే గొంతు తగ్గించి అడిగింది: "మామా, సాయంత్రం ఆ వేపమండల ఆయప్ప నన్ను కొడితే దయ్యానికీ తగులుతాదా?"

వెనక అలికిడి అయింది. అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో నూలు చిక్కు అలాగే ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. ఆమె గుంత దగ్గరకు వచ్చి పాప తల నిమిరింది.

"ఆ వాసన సంగతి నీకెప్పట్నుంచి తెలుసే?"

"ఎప్పట్నుంచో, అవ్వా."

అవ్వ నావైపు చూసింది. నేను అవ్వ వైపు చూశాను. ఇద్దరం ఇన్నాళ్ళూ ఆ పిల్ల తల మీదుగా వాదించుకున్నాం. ఆ క్షణంలో నాకు తోచిన వాదన ఒక్కటే, అది వాదన కూడా కాదు. "అత్తా, ఒక్కసారి. ఈసారి డాక్టరుకు పాపే చెబుతుంది. వచ్చే అమావాస్య దాకా ఆగు."

"వచ్చే అమాస దాకా" అంది అవ్వ. "అప్పటికీ ఇట్లే ఉంటే నీ మాట ఇనను."

మర్నాడు ముగ్గురం ఆదోని బస్సెక్కాం. డాక్టరు గది వాకిట్లో పాప ఆగి వెనక్కి తిరిగింది. "కూడా వచ్చినోళ్ళు బయట కూసోండి" అంది. డాక్టరు నవ్వి, నన్ను చూసి, బెంచీ చూపించాడు. నేనూ అవ్వా కూర్చున్నాం. లోపల ఏం మాట్లాడుతున్నారో వినిపించలేదు. తలుపు సందులోంచి పాప ఎడమచేతిని ముందుకు చాచడం, డాక్టరు వంగి బొటనవేలినుంచి మోచేతి దాకా వేలితో గీత గీసి ఇంతవరకేనా అన్నట్టు చూడటం కనిపించింది.

"నీకు నాలుక దురద పెట్టలేదాప్పా?" అని అవ్వ అడిగింది.

"పెడుతోంది."

"నాకూ" అంది. తన సంచిలోంచి బొరుగులు తీసి నా దోసిట్లో పోసింది.

మమ్మల్ని లోపలికి పిలిచాక డాక్టరు చెప్పాడు: ఈ ఫిట్ మెదడులో ఒక పక్కన మొదలై పాకుతోంది, వాసన, చీమలు దాని తొలి గుర్తులు, ఇలాంటి దానికి వేరే మందు బాగా పనిచేస్తుంది. కర్నూలు పంపి, తలకు వైర్లు తగిలించి చేసే పరీక్ష చేయించాడు. అదీ ఆ మాటే చెప్పింది. మందు మారింది. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టమని, చేతిలో గానీ నోట్లో గానీ ఏమీ పెట్టొద్దని ఆయన అవ్వకే చెప్పాడు. నేను వందసార్లు చెప్పిన మాటే. అయినా అవ్వ మొదటిసారి వింటున్నట్టు విన్నది. నేను చెప్పినప్పుడు ఓడించడానికి చెప్పేవాణ్ణి కదా.

ఆ నెలలో ఒక ఫిట్ వచ్చింది. చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. కానీ ఆమె గొంతులో ఎప్పటి కంగారు లేదు. పాప అవ్వ పక్కన కండెలు చుడుతూ, "అవ్వా, గంజి వాసన" అందట. అని తనంతట తానే నేలమీద ఒత్తిగిల్లి పడుకుందట. అవ్వ ఆ తల కింద తన కొంగు మడిచి పెట్టి, వీపుమీద చెయ్యి వేసి కూర్చుందట. తల నేలకు కొట్టుకోలేదు. తాళంచెవులు బొడ్లోనే ఉన్నాయి.

"అవ్వ ఏమందీ?" అని అడిగాను.

"ఏమంటాదన్నా? ముందే తెలిసినాదని సాయంత్రం దాకా అదే మాట."

అమావాస్య వచ్చింది. నేను పొద్దున్నే పోయాను. అవ్వ అరుగు మీద లేదు. గబగబా లోపలికి పోయి చూస్తే, మగ్గం గది వాకిట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. "రాప్పా. లోపల పేషెంటు ఉండాది. కూడా వచ్చినోళ్ళం బయటుండల్ల" అంది.

అది జరిగి ఏడాది దాటింది. ఫిట్స్ ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. పూర్తిగా పోతాయా అని అడిగితే డాక్టరు తొందరపడొద్దంటాడు. తెలియని దాన్ని తెలుసు అని చెప్పని మనిషిని నేను గౌరవిస్తాను. పల్లెల్లో దయ్యాలు లేవని ఇప్పటికీ చెబుతున్నాను, మెత్తగా కూడా చెప్పడం లేదు. ఒంటికి చిన్న గాయం చేసినా సరే, గాలి వదిలించే ప్రతివాడూ జైల్లో ఉండాలనే రాస్తున్నాను. అయితే ఎవరైనా నాకు దయ్యం కనిపించిందంటే, లేదని చెప్పేముందు ఎలా ఉందని అడుగుతున్నాను. వాసన వచ్చిందా, ఏ పక్కనుంచి వచ్చిందీ అని అడుగుతున్నాను. అబద్ధమాడేవాళ్ళు అక్కడే తడబడతారు. నొప్పి పడేవాళ్ళు చెప్పుకుంటూ పోతారు.

మొన్న అమావాస్యకు పోయినప్పుడు పడిపోయే దయ్యం మళ్ళీ చూపించుకోవడానికి వచ్చింది. బాగుందట. బాగున్నాను కదా, మాత్ర మానేస్తానని అడుగుతోందట. మా గుంత డాక్టరుకు కోపం వచ్చింది.

"బాగుండేది మాత్ర తింటాండావు కాబట్టి. నేను సెప్పేదాకా మానగూడదు. ఇంట్లో పెద్దోళ్ళు ఎవరుండారు నీకు?"

"నేనుండాను" అంది అవ్వ వాకిట్లోంచి. "మేమేం మానం తల్లీ. నేనే వేస్తాండా పొద్దున ఒకటి, రాత్రికొకటి." దయ్యానికి మాత్ర వేస్తోందో, పాపకు వేస్తోందో అవ్వ తేల్చి చెప్పలేదు. మాత్ర మాత్రం పాప నోట్లోనే పడుతోంది. నేను తేల్చమని అడగలేదు.

పాప కండెను దులిపి మెడలో సర్దుకుంది. నావైపు చూసి గడ్డం ఎగరేసింది. అది నా పని. వాకిలి వైపు తిరిగాను. బయట ఎండ, ఖాళీ వీధి, ఎవరింట్లోనో ఉడుకుతున్న గంజి వాసన.

"తర్వాత ఎవరప్పా, రండి" అని పిలిచి, లోపలికి వచ్చేవాళ్ళకు దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకున్నాను.