నల్లి బొక్క పగ

కడుపుకు అయిదు చిల్లులు పొడిపించుకుని, మూడో రోజే ఆస్పత్రి మంచం మీద కూర్చుని నల్లి బొక్క జుర్రిన మనిషిని నేను. నర్సులు గుంపుగా వచ్చి చూశారు. జహనుమాలో మా గల్లీ అంతా ఈ మాట నమ్మింది. మీరూ కాసేపు నమ్మండి.

ఈ నల్లి గొడవ కార్వాన్‌లో, నా భార్య తమ్ముడి ఇంట్లో మొదలైంది. ఏటా బోనాల మర్నాడు అక్కడ మాకు విందు. మేక కాలి ఎముకలో మూలుగ నిండుగా ఉన్న ముక్కను, అదే నల్లిని, పెద్దల్లుడి పళ్లెంలో వేయడం వాళ్లింటి రివాజు. పెళ్లయిన ఏడాది నుంచీ అది నా ముక్క. మా మామ పోయాక బామ్మర్దే తన చేత్తో వేసేవాడు.

ఆ ఏడు నాకు మింగుడు పడడం మానేసింది. మొదట అన్నం, తర్వాత నీళ్లు కూడా ఛాతీ నడుమ ఆగిపోయేవి. చెంబెడు నీళ్లు తాగి, లేచి నిలబడి, ఒళ్లు విరుచుకుంటున్నట్టు రెండు చేతులూ పైకెత్తితే ఎప్పటికో దిగేది. పడుకుంటే తిన్నదంతా నోట్లోకి వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ పైపులు బిగిస్తూ రిటైరైన ఫిట్టర్‌ను. నా పైపే పూడుకుపోయిందని ఏ నోటితో చెప్పను?

విందులో రెండు ముద్దలు తిన్నానో లేదో, లేచి చేతులెత్తాల్సి వచ్చింది. బామ్మర్ది చూశాడు.

"ఏంది బావా, పోలీసోళ్లు తుపాకి పెట్టినట్టు చేతులు లేపుతున్నవ్? కూసొని తిను."

పంక్తి పంక్తంతా నవ్వింది. తర్వాత గరిటెలో నల్లి పట్టుకుని నా ముందుకు వచ్చాడు. పళ్లెం జరిపాను. గరిటె నన్ను దాటి, పక్కనున్న నా తోడల్లుడి పళ్లెంలో వాలింది.

"బావకు పప్పుచారు పొయ్యుండ్రి. గీ వయసుల గది చాలు."

పప్పుచారు పోశారు. అదీ దిగలేదు. పెరట్లోకి వెళ్లి కక్కుకుంటూ ఒట్టు పెట్టుకున్నాను: వచ్చే బోనాలకు ఇదే ఇంట్లో, వీడి కళ్ల ముందే, వీడి చేత్తో వేయించుకుని ఆ నల్లి తింటాను. తినకపోతే మళ్లీ ఆ గడప తొక్కను.

బతుకు మీద తీపితో కాదు, ఆ పగతోనే ఆస్పత్రికి వెళ్లాను. సున్నం నీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. ముక్కులోంచి సన్నని గొట్టం దింపి, గుక్క గుక్కకూ లోపలి ఒత్తిడి కొలిచారు. సర్జన్ మా కోడలి ఈడు పిల్ల. కాగితం మీద బొమ్మ గీసింది. పైన ఉబ్బిన గొట్టం, కింద పిట్ట ముక్కులా సన్నబడిన మొన.

"అంకుల్, అన్నవాహిక కిందున్న కండరం బిగుసుకుపోయింది. తెరుచుకుంటలేదు. బెలూన్ పెట్టి సాగదీయొచ్చు, కానీ మళ్లీ మళ్లీ చేయాల్సి రావొచ్చు. లేకుంటే ఆ కండరం కోయాలి. నోట్లోంచి కెమెరా పంపి లోపల్నుంచి కోయొచ్చు, లేదంటే పొట్టకు చిన్న చిన్న చిల్లులు పెట్టి బయటినుంచి."

"వాల్వ్ కోసేస్తె కిందిది పైకి తన్నదా, బిడ్డా?"

ఆ పిల్ల కలం ఆపి నన్ను చూసింది. "తన్నుతది. పుల్లటి నీళ్లు పైకొస్తయ్. అందుకే పొట్ట నుంచి చేసినప్పుడు, కడుపు పైభాగం కొంచెం తెచ్చి పైపు చుట్టూ కుడతం."

వెనక్కి రానివ్వని వాల్వ్! జన్మంతా అలాంటివి బిగించినవాణ్ణి, నాకు ఇట్టే అర్థమైంది.

"నోట్లోంచి చేస్తె మచ్చలుంటయా?"

"ఉండవ్ అంకుల్."

"అయితె నాకది వద్దు. మచ్చలున్నదే చెయ్యి."

మచ్చ లేకపోతే బామ్మర్ది నమ్ముతాడా? నాటకమంటాడు. చొక్కా ఎత్తి చూపించడానికి నాకు సాక్ష్యం కావాలి. అలా పగ కోసం ఆపరేషన్ ఎంచుకున్న మొదటి మొనగాణ్ణి నేనే.

ఇక్కడ కొంచెం తగ్గిస్తాను. ఎంచుకున్నది నేను కాదు. నా కడుపు పైభాగం ఛాతీలోకి కాస్త జారి ఉందట. దాన్నీ సర్దాలి కాబట్టి పొట్ట నుంచే చేస్తామని ఆ పిల్లే తేల్చేసింది. నేను తలూపాను. మూడో రోజు నల్లి కూడా అబద్ధమే. ఆ రోజు రాగి జావ, చెంచాతో, భార్య పట్టించింది. నర్సు ఒక్కతే వచ్చింది, అదీ సెలైన్ మార్చడానికి. కానీ ఆ జావ ఆగకుండా దిగిపోయింది. చేతులెత్తకుండా. గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. ఏడుస్తూ కూడా బామ్మర్దినే తిట్టుకున్నాను.

మళ్లీ బోనాలొచ్చాయి. కార్వాన్‌లో పంక్తిలో కూర్చోగానే చొక్కా ఎత్తాను. "లెక్కవెట్టు, అయిదున్నయ్!"

"చొక్కా దించు బావా, ఆడోళ్లున్నరు," అన్నాడు వాడు. గరిటె వంచి నల్లి నా పళ్లెంలో వేశాడు. వెళ్లిపోకుండా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

మూలుగ దిగాలని స్టీలు పళ్లెం అంచుకు ఎముకను కొట్టాను. ఒక దెబ్బ పప్పుచారుకు. ఒక దెబ్బ పోలీసోళ్ల తుపాకికి. ఒక దెబ్బ తోడల్లుడికి, వాడి తప్పేమీ లేకపోయినా.

"పళ్లెం సొట్ట వోతది బావా."

"పోనీ!"

జుర్రాను. దిగింది. నా కళ్లు వాడి మొహం మీదే ఉన్నాయి. వాడు తల వంచుకుని లేచి లోపలికి వెళ్లాడు. ఓడిపోయాడని నా సంబరం.

ఇంతవరకు రాసి నా భార్యకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ చివరిదాకా విన్నది. చేట కింద పెట్టింది.

"ఆ ఏడు నీకు నల్లి ఎయ్యొద్దన్నది నేను. వంటింట్ల వాని చెయ్యి పట్టుకొని చెప్పిన, గొంతుల ఇరుకుతె సస్తడురా అని. నా పేరు బయట పెట్టకుంట తిట్లన్ని వాడు మోసిండు. మొన్న లోపలికొచ్చి నా ముంగట ఏడ్సిండు. ఓడిపొయ్యి కాదు, నువ్వు మింగినవని. రాసుడుంటె గది రాయి."