హెచ్ఆర్ విభాగం పేరుతో నేను రాసిన జవాబు

మా కంపెనీలో హెచ్ఆర్ విభాగం లేదు. కొనుగోళ్ల విభాగం లేదు, డిస్పాచ్ విభాగమూ లేదు. జిన్నారం దారిలో ఉన్న చిన్న రసాయనాల యూనిట్ అది. ఆఫీసు గదిలో యజమాని కాక నేనొక్కడినే కూర్చుంటాను. అయినా బయటివాళ్లకు మేము పెద్ద సంస్థలాగే కనిపిస్తాం. అది నా కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్ చేసే పని.

యజమాని గుంటూరు వైపు మనిషి. నేను చేరిన వారంలోనే పిలిచి, "చూడండీ, ఎవరు మెయిల్ పెట్టినా మీ ఒక్కరి పేరుతోనే జవాబు వెళ్తుంటే ఇక్కడ ఇంకెవరూ లేరని కనిపెట్టేస్తారు. విభాగానికో అడ్రస్ చేసిపెట్టండి" అన్నాడు.

నా మెయిల్ ఖాతాకే మరో నాలుగు చిరునామాలు తగిలించాను. సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కోదానికి పంపేవారి పేరు రాసిపెట్టాను. జవాబు రాసేటప్పుడు పైన పంపేవారి పేరున్న చోట నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. మనం ఎవరిగా రాయాలనుకుంటే వారిని ఎంచుకోవచ్చు. ఎంచుకోకపోతే, వచ్చిన ఉత్తరం ఏ చిరునామాకు వచ్చిందో ఆ చిరునామా నుంచే జవాబు వెళ్తుంది.

ఆ పని నాకు బాగా నచ్చింది. మా తాత కాలంలో మా ఇంట్లో ఎవరూ సొంత చేత్తో ఉత్తరం రాసేవారు కారు. "దొరవారు సెలవిచ్చినది ఏమనగా" అని గుమాస్తా మొదలుపెట్టేవాడు. ఎవరికైనా ఏదైనా ఇస్తే దొర ఇచ్చినట్టు, కాదంటే గుమాస్తా అడ్డుపడినట్టు. మా ఇంటి పద్ధతి అది. భూములు ఎప్పుడో పోయాయి. నేను పోతిరెడ్డిపల్లిలో కిరాయి ఇంట్లో ఉంటూ బస్సెక్కి ఉద్యోగానికి వెళ్తున్నాను. చొక్కాకు గంజి, ఇస్త్రీ మాత్రం ఒక్కరోజూ తప్పనివ్వలేదు. విభాగాలన్నీ నేనే అయ్యాక, పోయిన గుమాస్తాలు తిరిగి వచ్చినట్టు అనిపించింది.

కిందటేడు మా ల్యాబ్‌లో కెమిస్ట్ కావాలని ప్రకటన ఇచ్చాం. ఆ వారంలోనే సంగారెడ్డి బస్టాండ్‌లో మా ఊరివాడు ఒకడు ఎదురయ్యాడు. వాడి తండ్రి మా ఇంట్లో ఉండి పొలం పనులు చేసిన జీతగాడు. వాడిప్పుడు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. నాకంటే పదేళ్లు పెద్ద. అంత పెద్దవాణ్ని వాడు, వీడు అనడం మా ఇంట్లో నేర్చుకున్నదే.

"దండాలు దొరా" అన్నాడు.

"ఏందిరా, మంచిగున్నవా?"

"మీ దయ. మా బిడ్డ కెమిస్ట్రీల ఎమ్మెస్సీ జేసింది దొరా. మీ కంపెనీల జాగా ఉన్నదని మెయిల్ గిట్ల వెట్టింది. జవాబు రాలె. మీరు జెర ఒక మాట చెప్పుండ్రి."

జవాబు ఇవ్వంది నేనే. అయినా తడుముకోకుండా, "ఆ హెచ్ఆర్ ఆయన జెర కష్టమైన మనిషి. నేను గట్టిగ చెప్తలే. నాకు గూడ ఒక మెయిల్ పెట్టుమను" అని నా చిరునామా రాసిచ్చాను.

"గది చాలు. మీరు చెప్పినంక కాదనేటోడెవడు దొరా!" అని నవ్వాడు.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి నా చిరునామాకు దరఖాస్తు పంపింది. వచ్చినవాటిలో అదే మంచిది. అది చదువుతూ అద్దం గోడ అవతల ల్యాబ్‌లో ఖాళీగా ఉన్న కుర్చీని చూశాను. మా జీతగాడి మనవరాలు అందులో కూర్చుంటుంది. ఆమె సంతకం పెట్టిన రిపోర్టు తెచ్చుకోవడానికి నేను లేచి వెళ్లి, "మేడమ్" అని నిలబడాలి.

జవాబు రాశాను. ఖాళీ భర్తీ అయిందన్నాను, అబద్ధం. అక్కడితో ఆగలేదు. మా ఆఫీసులోని ఫలానావారు మీ కోసం ఎంతో గట్టిగా సిఫారసు చేశారు, అయినా వీలుపడలేదు అని నా పేరు, మా ఇంటిపేరుతో సహా రాసుకున్నాను. కింద 'హెచ్ఆర్ విభాగం' అని పెట్టి పంపేశాను.

పావుగంటలో తిరుగు జవాబు వచ్చింది. "సర్, ఇది మీ పేరు మీదనే వచ్చింది. సిఫారసు చేసింది, కాదన్నది మీరేనా?"

ఆమె దరఖాస్తు వచ్చింది నా సొంత చిరునామాకు. కాబట్టి జవాబూ అక్కడి నుంచే వెళ్లింది. పైన పంపేవారి పేరు మార్చడం మరిచిపోయాను.

మూడు రోజులు ఆ ఉత్తరానికి జవాబివ్వలేదు. యజమానికి ఆమె దరఖాస్తు చూపించనూ లేదు. మూడో రోజు ఆయన తనకు తెలిసిన కుర్రవాణ్ని ల్యాబ్‌లో చేర్చుకున్నాడు. నాలుగో రోజు దరఖాస్తులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను.

"అమ్మా, మా కంపెనీల హెచ్ఆర్ అని వేరే ఎవ్వరు లేరు. అంత నేనే" అన్నాను.

"గదైతే ఆ రోజే సమజైంది సర్."

"అప్పుడు ఖాళీ ఉండె. నేనే లేదని రాసిన."

"ఎందుకు సర్? నాకేం తక్కువైంది?"

"నీకేం తక్కువ లేదమ్మా."

"మరి?"

తెర మీదున్న ఆమె దరఖాస్తును మూసేశాను. ఆమే మళ్లీ అడిగింది. "ఇప్పుడున్నదా సర్?"

"నిన్న ఒకాయన చేరిండు."

అవతల మిక్సీ శబ్దం వినిపించింది, ఆగిపోయింది.

"మా నాయనకు మెయిల్ చదివి చెప్పిన గని, అది రాసింది మీరేనని చెప్పలె సర్" అంది. "దొర మస్తు కొట్లాడిండట, ఆ హెచ్ఆరోడే ఇనలేదట అని అందరికి చెప్పుకుంట తిరుగుతుండు. మీరు గూడ ఏం చెప్పకుండ్రి. ఇప్పుడు నిజం తెలిస్తే ఆయన తట్టుకోడు."

"సరేనమ్మా" అన్నాను. మన్నించమని అడగాలని ఫోన్ చేసినవాణ్ని. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. ఈ 'సరే' మాత్రం ఆమె అడగడమే ఆలస్యం వచ్చేసింది.

ఫోన్ పెట్టేశాక నాకు మొదట కలిగింది ఊరట. టిఫిన్ డబ్బా తెరిచి అన్నం కలుపుకున్నాను. రెండు ముద్దలు తిన్నాక గాని సిగ్గు రాలేదు. మూడో ముద్ద డబ్బాలోనే వదిలేసి మూత పెట్టాను.

ఆమె పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరిందని తరువాత తెలిసింది. పది చదివినవాళ్లు చేసే పని అది. వాళ్ల నాన్న ఇప్పటికీ నేను కొట్లాడాననే అనుకుంటున్నాడు. చెప్పవద్దని ఆమె అడిగింది కదా అని నేను ఈ రోజుకీ చెప్పలేదు.