మంచం చుట్టూ సున్నం

డాక్టరు రెండు మాటలు చెప్పాడు. నేను ఇంటికి ఒక్కటే మోసుకొచ్చాను. రెండోది నాలుగు రోజులు నా గొంతు దాటలేదు.

ఇది ఇరవై ఏళ్ల కిందటి సంగతి. దిబ్బూరహళ్ళిలో మాది పట్టుపురుగులు మేపే ఇల్లు. నాయన చంకలో గడ్డ లేస్తే ముందు క్షయ అనుకుని మాత్రలు మింగించారు. తగ్గలేదు. ముక్క కోసి బెంగళూరికి పంపితే చిక్కబళ్ళాపురం డాక్టరు దగ్గరికి కాగితం వచ్చింది. నేను చింతామణిలో పంతులమ్మను కాబట్టి అదేమిటో కనుక్కుని రావడం నా పనైంది. హిస్టియోసైటిక్ సార్కోమా అని ఉంది. అరుదైన క్యాన్సరట, అప్పటికే లోపలికి పాకిందట.

"మనుషుల్లో దీన్ని నేను చూడటం ఇదే మొదలు. కొన్ని జాతుల కుక్కల్లోనే ఎక్కువ," అని డాక్టరు కన్నడంలో చెప్పాడు. మళ్లీ తనే, "ఒకరి నుంచి ఒకరికి అంటదు. కుక్క నుంచి మనిషికీ రాదు," అన్నాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ నా మొహం చూసింది. నాయన బతకడని చెప్పడానికి నోరు రాలేదు. పైగా చదువుకున్నదాన్నని నాకో గొప్ప.

"కుక్కలకొచ్చే రోగమంటమ్మా," అన్నాను.

అమ్మ వాకిలి వైపు తిరిగింది. అక్కడ నాయన పాదాల మీద గడ్డం ఆనించి మా కుక్క పడుకుని ఉంది.

పురుగుల గదిలో మాకు ఒకటే చట్టం. ఒక్క పురుగు మెత్తబడినా వెంటనే ఏరి పారేసి తట్ట నిండా సున్నం పొడి చల్లాలి. ఒక పూట ఆలస్యమైతే పంటంతా పోతుంది. రోగం అంటదన్న మాట ఆ ఇంట్లో ఎప్పుడూ నిజం కాలేదు. డాక్టరు మాటను నేనే నమ్మలేదు, ఇంక అమ్మకేం చెబుతాను? ఆ రోజు నాయనకు మాత్ర ఇచ్చి, పెరట్లోకి వెళ్లి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరునాడు పొద్దున్నే అమ్మ తెలిసినవాళ్ల టెంపోలో కుక్కను ఎక్కించి, గూళూరు అవతల వదిలేయమని పంపేసింది. నాయన మంచం చుట్టూ సున్నం చల్లింది. పళ్లెం వేరు, చెంబు వేరు. నాయన ఆ తెల్లటి గీతను చూశాడు. మూడు రోజులు ఈల వేసి కుక్కను పిలిచాడు. మేమిద్దరం వినబడనట్టే పురుగులకు మల్బరీ ఆకు తరుగుతూ కూర్చున్నాం.

నాలుగో రోజు అమ్మ గీతకు ఇవతలే నిలబడి, చేయి చాచి చెంబు అందించింది. అంత దూరం అందక గీత మీద నీళ్లు ఒలికాయి. నాయన అందుకోలేదు.

"రోగమొచ్చిన పురుగును ఏరి పారేసేది మీకు నేర్పించింది నేనే కదా," అన్నాడు. "బాగానే చేస్తాండారు. ఆ చెంబు ఆడనే పెట్టి పో. నన్ను తాకిన చేతుల్తో పురుగుల గదిలోకి పోవద్దు."

నిష్ఠూరమాడి ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన నిజంగానే మెచ్చుకున్నాడు. నేను గీత దాటి మంచం మీద కూర్చుని ఆయన చేయి పట్టుకున్నాను.

"అంటదు నాయనా. డాక్టరు ఆ పొద్దే చెప్పినాడు. కుక్క నుంచి కూడా రాదంట. నేనే చెప్పలేదు."

అమ్మ చెంబు పక్కన పెట్టింది. కింద కూర్చుని కొంగుతో సున్నం తుడవడం మొదలుపెట్టింది. ఒలికిన నీళ్లకు తడిసి అది మరింత అలుక్కుపోయింది.

నాయన నా చేయి వదల్లేదు.

"అట్లయితే దాన్ని యాడ ఇడిసిపెట్టినారమ్మా?" అన్నాడు.

గూళూరు పేరు చెప్పడానికి ఈసారి కూడా నాకు నోరు రాలేదు.