గొట్టంలో వదులైన చోటు

నిన్న మా కోడలు కుట్టుమిషనుకు నూనె వేస్తుంటే ఆ వాసన వసారాలో కూర్చున్న నా దాకా వచ్చింది. యాభై ఏళ్ళ కిందట నరసరావుపేటలో మస్తాన్ సాహెబు కొట్లో అడుగు పెడితే ముందు తగిలేది ఆ వాసనే. ఆయన ఆయిలింజన్లు, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. లైసెన్సు ఉన్న తుపాకులు కూడా. రొంపిచెర్ల వైపు రైతులు చేలమీద పడే అడవిపందుల కోసం ఉంచుకున్న తుపాకులు ఆయన దగ్గరికే తెచ్చేవారు. పొట్టి మనిషి, మాట తక్కువ.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. నాకు ఇరవై నాలుగేళ్ళు, హైస్కూల్లో డ్రిల్లు మేష్టర్ని. పెద్ద తరగతుల వాళ్ళకు గురి నేర్పడానికి బడికి ఒక చిన్న రైఫిల్ ఉండేది. ఒకరోజు కాల్చి చూపిస్తుండగా మోత సరిగా రాలేదు, గురి అట్టకు చిల్లు పడలేదు. అందరూ చూస్తున్నారు. గురి తప్పానని సిగ్గేసి, గొట్టం లోపల చూడకుండానే రెండో తూటా పెట్టి కాల్చాను. ఆ తర్వాత ఏ గుండూ అనుకున్న చోట పడలేదు. అటెండరు కోటయ్య సరిగా తుడవక తుప్పు పట్టించాడని హెడ్మాస్టరు గారు తేల్చి, అతన్ని ఇంటి దగ్గర కూర్చోమన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

గొట్టం మార్పించే పని నాకే అప్పజెప్పారు. సీమ నుంచి ఓడల్లో వచ్చే కొత్త సామాను ఆగిపోయింది కాబట్టి, విరిగిన రైఫిళ్ళ నుంచి తీసిన గొట్టాలు రెండు సాహెబు గుంటూరు నుంచి తెప్పించి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లగా నిగనిగలాడుతోంది. రెండోదాని మీద అన్నీ గీతలు, మచ్చలు.

"నల్లదే బిగించండి సాహెబు గారూ," అన్నాను.

"తొందరేంది మేష్టారూ? ముందు పాతది ఎట్టా పోయిందో చూద్దాం."

పాత గొట్టంలోకి మెత్తని సీసపు గుండు ఒకటి దూర్చి, కడ్డీ నా చేతికిచ్చాడు. కళ్ళు మూసుకుని నిదానంగా నెట్టమన్నాడు. గుండు ఒకే బిగువుతో కదిలింది. మూతి ఇంకా జానెడు దూరంలో ఉందనగా చేతి కింద ఒక్కసారిగా వదులై, మళ్ళీ బిగిసింది.

"తుప్పయితే గరగరలాడుద్ది. ఇది ఉబ్బింది," అన్నాడు సాహెబు. "ముందు గుండు లోపలే ఇరుక్కుంటే, దాని ఎనకే ఇంకోటి కాల్చారు. మిగతా గొట్టం చానా బాగుంది. ఇంత శుభ్రంగా తుడిచిందెవరు?"

"మా అటెండరు కోటయ్య."

"మంచి చెయ్యి. కాల్చిందెవరు?"

నేను నల్ల గొట్టం చేతిలోకి తీసుకుని దాని ధర అడిగాను. ఆయన కోప్పడలేదు. "మోత తగ్గింది ఒక్క తూటాకేనా, అన్నిటికీనా? నాకు తెలియాల. లేకపోతే ఏ గొట్టం బిగించినా ఇట్టాగే పోద్ది," అన్నాడు. అప్పుడు చెప్పాను. మొదటి తూటా నుంచి కోటయ్యను పంపించేయడం దాకా అంతా చెప్పాను.

సాహెబు రెండు గొట్టాలూ గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. "తూటా చెమ్మ పట్టింది, అది మీ తప్పు కాదు. లోపల చూడకపోవటం మీది. బడికి పోయి చెప్పి రండి. ఇయ్యి ఏడికీ పోవు."

"నా ఉద్యోగం పోతే?"

"పోతే పోద్ది. కోటయ్యది పోలా?"

మర్నాడు ఉదయమే హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన రైఫిల్ బీరువా తాళం నా దగ్గర నుంచి తీసుకున్నారు. ఆ ఏడాదంతా గురి నేర్పే పని లెక్కల మేష్టరు చూశారు. ఉద్యోగం మాత్రం మిగిలింది. మళ్ళీ పనిలోకి రమ్మన్న కబురు చెప్పడానికి కోటయ్య ఇంటికి నేనే వెళ్ళాను. అప్పటికి అతను ఇంట్లో కూర్చుని తొమ్మిది రోజులు.

"ఆ రోజే ఒక్క మాటంటే సరిపోయేది గదయ్యా," అన్నాడు. "మా ఇంటిది కూడా నేనే పాడుచేశాననుకుంది."

ఇద్దరం కలిసి సాహెబు కొట్టుకు వెళ్ళాం. ఈసారి ఆయన కడ్డీ కోటయ్య చేతిలో పెట్టాడు. "రోజూ తుడిచేది నువ్వు. నువ్వే ఎంచు." నల్లదానిలో గుండు మూతి దగ్గరికి వచ్చేసరికి జారిపోయింది. ఎవరో ఏళ్ళ తరబడి మోటుగా తుడిచి అక్కడ అరగదీశారు. మచ్చలదానిలో మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువు. కోటయ్య మచ్చల గొట్టాన్ని సాహెబు ముందుకు జరిపాడు. నేను మొదట బిగించమన్నది ఆ నల్లదాన్నే.

తర్వాత మాచర్లలో, గురజాలలో నేనూ హెడ్మాస్టరుగా చేశాను. ఏదో పగిలిందనీ విరిగిందనీ ఎవరినైనా నా ముందు నిలబెడితే, మనిషిని కూర్చోబెట్టి ముందు ఆ వస్తువు తెమ్మనేవాడిని. అది సాహెబు దగ్గర నేర్చుకున్నది. ఆ తొమ్మిది రోజులకు మాత్రం ఆయన దగ్గర కూడా మరమ్మతు లేదు. కోటయ్య నాతో మంచిగానే ఉన్నాడు. కానీ తాళం మళ్ళీ నా చేతికి వచ్చాక, నేను రైఫిల్ తెచ్చి ఇచ్చిన ప్రతిసారీ, నా ఎదుటే గొట్టంలోకి ఒకసారి చూసి గానీ బీరువాలో పెట్టేవాడు కాదు. అతను చూసేదాకా నేను అక్కడే నిలబడేవాడిని.